సాక్సోఫోన్ పక్కన కూర్చున్నవారు: కద్రి గోపాలనాథ్ స్మారకోపన్యాసం

2019 అక్టోబరు 11న మంగళూరులో కన్నుమూసిన సాక్సోఫోన్ విద్వాంసుడు కద్రి గోపాలనాథ్ స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి అలిపిరి వేదిక కావడంలో ఎంతో ఔచిత్యం ఉంది. తిరుమల కొండ ఎక్కబోయే తెలుగువారు, తమిళులు, కన్నడిగులు, తుళునాటివారు ఒకరికొకరు ఎదురుపడేది ఈ పాదాల మండపం దగ్గరే. గోపాలనాథ్ సంగీత జీవితం కూడా ఈ నాలుగు భాషల మధ్యే సాగింది: ఆయన పుట్టింది తుళునాట, వాద్యాన్ని మొదట చూసింది మైసూరులో, విద్యకు మెరుగు పెట్టుకున్నది మద్రాసులో, దశాబ్దాల పాటు ఆయన పక్కన వయొలిన్ పట్టుకుని కూర్చున్నది విజయనగరపు తెలుగు విదుషి.

ఈ చివరి మాట చుట్టూనే ఉపన్యాసమంతా తిరుగుతుంది. పరదేశపు వాద్యం ఒకటి దక్షిణాది కచేరీలో నిలదొక్కుకున్నప్పుడు ఆ ఘనతను ఒక్క మహావిద్వాంసుడి ప్రతిభకే కట్టబెట్టడం రివాజు. ప్రతిభ లేనిదే ఏదీ జరగదన్నది ఒప్పుకోవలసిందే గానీ, వాద్యం సంప్రదాయంలోకి వచ్చిందని చెప్పడానికి అది చాలదు. పక్కన కూర్చున్న వయొలిన్ ఆ వాద్యపు గమకాన్ని తన తీగ మీద తిరిగి పలికించగలిగినప్పుడు, మృదంగమో డోలో దాని ఊపిరికి తగినట్టు లయను మలచుకున్నప్పుడు, అంటే పక్కవాద్యం దాన్ని తన సాటి వాద్యంగా ఒప్పుకున్నప్పుడు మాత్రమే, పరాయి వాద్యం ఇంటి వాద్యం అవుతుంది. కర్ణాటక సంగీతంలోనే కాదు, సాక్సోఫోన్‌కు గొంతునిచ్చిన జాజ్ సంగీతంలో కూడా ఇదే సూత్రం పనిచేసింది. 2008లో వెలువడిన ‘కిన్స్‌మెన్’ అనే ఆల్బంలో ఈ రెండు సంప్రదాయాల పక్కవాద్యాలు ఒకే వేదిక మీద కూర్చున్నాయి కనుక, ఈ సూత్రాన్ని పరీక్షించడానికి అంతకు మించిన ఉదాహరణ దొరకదు.

సాక్సోఫోన్ పుట్టుకే గుంపు కోసం జరిగింది. బెల్జియంలోని దినాంలో 1814లో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ దీన్ని రూపొందించి, 1846లో పారిస్‌లో హక్కుపత్రం పొందాడు. ఇత్తడి వాద్యానికి ఉండే బలం, క్లారినెట్ వంటి వాద్యానికి ఉండే చురుకు ఒకే గొట్టంలో కలిపి సైనిక బ్యాండ్లకు అందించాలన్నది ఆయన ఉద్దేశం. ఇత్తడితో చేసినదైనా సంగీతశాస్త్రం దీన్ని కొయ్య వాద్యాల కుటుంబంలోనే చేరుస్తుంది, ఎందుకంటే ఇందులో ధ్వని పుట్టేది లోహపు అంచు మీద పెదవి అదరడం వల్ల కాక, నోటి తొడుగుకు బిగించిన పలచని రెల్లు పలక కంపించడం వల్ల. ఆ రెల్లు పలకే దీనికి నాదస్వరంతో చుట్టరికం కలిపింది: నాదస్వరంలో రెండు రెల్లు రేకులు ఒకదానికొకటి ఎదురుగా కంపిస్తాయి, సాక్సోఫోన్‌లో ఒకటే పలక నోటి తొడుగు అంచుకు తగిలి కంపిస్తుంది, రెండింటి గొట్టమూ పై నుంచి కిందికి వెడల్పవుతూ పోయేదే. భారతీయ శాస్త్రం ఈ రెండింటినీ సుషిర వాద్యాలంటుంది, అంటే రంధ్రాల గుండా గాలి నడిచి మోగేవి. ఇక్కడికి దగ్గరలో వాయులింగం వెలసిన శ్రీకాళహస్తి ఉండగా, ముత్తుస్వామి దీక్షితులు ఆ స్వామి మీద హుసేనీ రాగంలో కృతి కట్టి ఉండగా, గాలి వాద్యాల గురించి మాట్లాడటానికి ఈ సీమను మించిన చోటు ఉండబోదు.

దీక్షితుల పేరు వచ్చింది గనుక వయొలిన్ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గరి మణలిలో ఉన్న రోజుల్లో ఐరోపా వాద్యకారుల దగ్గర వయొలిన్ నేర్చుకుని, దాన్ని కర్ణాటక సంగీతానికి అలవాటు చేశారు. అన్నగారు ఇంగ్లిషు బాణీల మీద సంస్కృత సాహిత్యం కట్టి నొట్టుస్వరాలకు ప్రాణం పోశారు. దీక్షితుల తొలి కృతికి చోటైన తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది కాబట్టి, పాశ్చాత్య వాద్యాన్ని దక్షిణాది ఇముడ్చుకున్న తొలి అధ్యాయంలో ఈ ప్రాంతానికీ వాటా ఉంది. అయితే గమనించవలసిన అసలు విషయం వేరు. వయొలిన్ ఈ సంగీతంలోకి వచ్చింది ప్రధాన వాద్యంగా కాదు. గాత్రం పక్కన కూర్చుని, గాత్రం నడిచిన దారినే నడుస్తూ, గాత్రం ఆగిన చోట అందుకుంటూ వచ్చింది. పక్కన కూర్చునే శిక్షణే దానికి రాగాన్ని నేర్పింది. ద్వారం వెంకటస్వామి నాయుడు వంటివారి చేతిలో అది ఏకవాద్య కచేరీకి ఎదిగిన నాటికి, దానికి వందేళ్లకు పైబడిన సహవాద్య జీవితం వెనక ఉంది.

హార్మోనియం కథ ఇందుకు భిన్నంగా నడిచింది. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని తన ప్రసారాల నుంచి తొలగించింది. మూడు దశాబ్దాల తరువాత, 1971లో గానీ ఆ కట్టడి సడలలేదు. అది పరదేశపుది కావడమే కారణమని చాలామంది అనుకుంటారు, కానీ అదే నిజమైతే వయొలిన్‌కు కూడా అదే గతి పట్టవలసింది. అసలు అడ్డంకి గమకం దగ్గర ఉంది. గమకమంటే ఒక స్వరాన్ని దాని చోట నిలిపి ఉంచక, పక్క స్వరాల వైపు ఊపుతూ, జార్చుతూ పలికించడం. తోడి రాగంలోని గాంధారం రిషభ మధ్యమాల మధ్య ఊగుతూ ఉంటేనే తోడి అనిపించుకుంటుంది, ఊపు లేకుండా నొక్కిపెడితే ఆ రాగం అక్కడే చచ్చిపోతుంది. మెట్టు మీద వేలు పెడితే ఒకటే స్వరం పలికే హార్మోనియానికి ఆ ఊపు రాదు. పద్యనాటకపు రంగస్థలం మీద, సురభి నాటక సమాజం వారి వేదికల మీద, రాయలసీమ ఊళ్లలో రాత్రంతా సాగే నాటకాల్లో హార్మోనియం ఎంత గౌరవంగా బతికిందో అందరికీ తెలుసు. అక్కడ పద్యానికి దాని అవసరం ఉంది, దాని పక్కన కూర్చునేవారూ ఉన్నారు. కచేరీ వేదిక అడిగే పని దానికి చేతకాలేదు, అంతే.

ఆ లెక్కన చూస్తే సాక్సోఫోన్ కూడా ఓడిపోవలసిన వాద్యమే. నాదస్వరంలో ఏడు రంధ్రాలను వేలి కొసతో సగం మూయవచ్చు, పావు మూయవచ్చు, మెల్లగా జరపవచ్చు. గమకంలో సగం పని ఆ వేలే చేస్తుంది. సాక్సోఫోన్‌లో రంధ్రాలు పెద్దవి, వేలికి అందనివి, మీట నొక్కితే మూత పూర్తిగా పడుతుంది, వదిలితే పూర్తిగా లేస్తుంది. ఐరోపా స్వరపద్ధతిలో కచ్చితంగా పలకడానికే ఆ యంత్రాంగమంతా ఏర్పడింది. ఇక మిగిలిన దారి నోరు. కింది పెదవి రెల్లు పలకకు మెత్తలా ఆని ఉంటుంది. దవడ బిగువును కొద్దిగా వదిలితే స్వరం కిందికి జారుతుంది, గొంతులోని గాలి దారిని మార్చితే ఆ జారుడుకు వేగమూ లోతూ మారుతాయి. పైకి లాగడం కష్టం, కిందికి దింపడం తేలిక. అందువల్ల పై స్వరపు మీట పట్టుకుని కింది స్వరానికి పెదవితో దిగి, మళ్లీ పైకి చేరుకునే విద్యను సాధకుడు ఏళ్ల తరబడి సాధించాలి. యంత్రం ఇవ్వని గమకాన్ని శరీరం ఇవ్వాలి. గోపాలనాథ్ వాద్యంలో తనకు అనువైన మార్పులు కొన్ని చేసుకున్నారు గానీ, ఆయన సాధించిన దానిలో మహత్తరమైన భాగం ఆ పెదవిలోనే ఉంది.

ఆ పెదవికి చదువు చెప్పింది నాదస్వరం. దక్షిణ కన్నడ జిల్లా బంట్వాళ తాలూకాలోని సజిపమూడలో 1949 డిసెంబరు 6న పుట్టిన గోపాలనాథ్‌కు తండ్రి తనియప్పే తొలి గురువు. ఆయన నాదస్వర విద్వాంసుడు. బాల్యంలో మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని ముగ్ధుడైన గోపాలనాథ్, మంగళూరు కళానికేతనలో గోపాలకృష్ణ అయ్యర్ దగ్గర దాని మీద కర్ణాటక సంగీతం సాధన చేసి, ఆ తరువాత మద్రాసులో టి.వి. గోపాలకృష్ణన్ దగ్గర విద్యను పదును పెట్టుకున్నారు. ఈ గురువు ఎంపికలో ఒక విశేషం ఉంది. గోపాలకృష్ణన్ గాయకుడే కాక పేరున్న మృదంగ విద్వాంసుడు కూడా, అంటే వేదిక మధ్యనా పక్కనా రెండు చోట్లా కూర్చున్న మనిషి. పక్కవాద్యకారుడు ప్రధాన వాద్యం నుంచి ఏమి కోరుకుంటాడో తెలిసిన గురువు దగ్గర తయారైన శిష్యుడి వాదనలో, ఆ ఎరుక కనిపించకపోదు.

మైసూరు బ్యాండు ప్రస్తావనలో తెలుగువారు మరువకూడని పేరు ఒకటి ఉంది. అనంతపురం సీమలో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు బోధించి, ఆ పైన తిరుపతిలో అన్నమాచార్యుల సంకీర్తనలకు స్వరరచన చేసిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ జీవితం కూడా ఆ నగరంలోనే పండింది. వీణ, వయొలిన్, పాశ్చాత్య బ్యాండు ఒకే సంస్థానపు ఆదరణలో పక్కపక్కన వినబడిన ఊరు అది. ఒక కుర్రవాడికి సాక్సోఫోన్ వింతగా కాక వాంఛనీయంగా కనబడటానికి అలాంటి ఊరు కావాలి.

ఇప్పుడు మొదట చెప్పిన ఆ విజయనగరపు విదుషి కన్యాకుమారి గురించి. అవసరాల కన్యాకుమారి విజయనగరం బిడ్డ. 1919లో నెలకొన్న మహారాజా సంగీత కళాశాల వల్ల, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు వంటి పెద్దల వల్ల ఉత్తరాంధ్రలో వయొలిన్‌కు ఏర్పడిన ఆవరణంలో ఆమె పెరిగారు. ఇవటూరి విజయేశ్వరరావు దగ్గర, తరువాత మద్రాసులో ఎం. చంద్రశేఖరన్ దగ్గర నేర్చుకుని, ఎం.ఎల్. వసంతకుమారి గాత్రానికి దాదాపు రెండు దశాబ్దాలు వయొలిన్ సహకారం అందించారు. ఎం.ఎల్.వి. మనోధర్మం అంచనాకు అందేది కాదని పేరు; మనోధర్మమంటే రాసుకున్నది కాక అక్కడికక్కడ రాగాన్ని పెంచుకుంటూ పోవడం. అలాంటి గాయని పక్కన అన్నేళ్లు కూర్చున్న చెవికి సాక్సోఫోన్ కొత్త పరీక్ష అయి ఉండవచ్చు గానీ, భయపెట్టే పరీక్ష అయి ఉండదు.

ఆ పరీక్ష ఏమిటో దగ్గరగా చూడాలి. సాక్సోఫోన్ ధ్వని దట్టమైనది. వయొలిన్ దాని కిందపడితే వినబడదు, దానితో పోటీకి దిగితే కచేరీ రచ్చ అవుతుంది. ఆలాపన సాగుతుండగా గోపాలనాథ్ ఒక దీర్ఘమైన సంగతిని తారస్థాయి దాకా తీసుకుపోయి ఊపిరి కోసం ఆగుతారు. ఊదే వాద్యానికి ఆ ఆగడం తప్పదు. సరిగ్గా ఆ జాగాలో వయొలిన్ ఆయన వదిలిన స్వరాన్ని, అదే గమకపు కొసతో, చాలా మెల్లగా పట్టి నిలుపుతుంది. శ్రోతకు రాగం తెగినట్టు తోచదు. ఊరేగింపులో జంట నాదస్వరాలు వాయించేవారిలో ఒకరు ఊపిరి తీసుకుంటుంటే రెండోవారు అందుకునే పద్ధతిని ఎరిగినవారికి ఇక్కడ జరుగుతున్నది వెంటనే తెలుస్తుంది. నాదస్వరపు జోడు చేసే పనిని కన్యాకుమారి వయొలిన్ చేతికి ఎత్తుకుంది. వయొలిన్, వీణ, నాదస్వరాలను కలిపి ‘వాద్యలహరి’ అనే కూర్పును రూపొందించిన విదుషి కనుక నాదస్వరపు నడక ఆమెకు చెవిలోనే ఉంది. ఆమె ఆ స్వరాన్ని అలా పట్టిన ప్రతిసారీ సాక్సోఫోన్ పలికింది రాగమే అని ఒక సాక్ష్యం సభ ముందు నిలుస్తూ వచ్చింది. శ్రోతల సందేహాన్ని తీర్చింది విమర్శకుల వ్యాసాల కంటే ఈ సాక్ష్యమే అని చెప్పడం అతిశయోక్తి కాదు. 2015లో పద్మశ్రీ, 2016లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి ఆమెను వరించాయి. అయినా సాక్సోఫోన్ చరిత్ర రాసేటప్పుడు ఆమె పేరు ఇంకా ‘వయొలిన్ సహకారం’ అన్న ఒక్క పంక్తిలోనే ఉండిపోవడం న్యాయం కాదు.

లయ వైపు చూస్తే, గోపాలనాథ్ కచేరీల్లో మృదంగంతో పాటు తమిళులు తవిల్ అని పిలిచే డోలు కూడా చాలాసార్లు వినిపించేది. హరిద్వారమంగళం పళనివేల్ వంటి ఉద్దండులు ఆయన పక్కన వాయించారు. ఇది ఆర్భాటం కోసం చేసిన ఏర్పాటు అనుకోవడం పొరపాటు. నాదస్వరం లాగే బలమైన ధ్వని గల వాద్యానికి, నాదస్వరంతోనే పెరిగిన లయవాద్యం తోడుగా రావడం సహజం. సాక్సోఫోన్ ఏ ఇంటి బిడ్డగా ఈ సంగీతంలోకి వచ్చిందో డోలు ప్రతి కచేరీలోనూ చాటింది. పక్కవాద్యాల నిండుదనం గురించి చిత్తూరు సీమ కూడా ఒక పాఠం నేర్చుకుంది. 1954లో సంగీత కళానిధి అందుకున్న చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లె గురువు కాంచీపురం నాయనా పిళ్లె. మృదంగం, ఘటం, కంజీర, మోర్సింగ్, డోలక్, కొన్నక్కోల్ అన్నీ కొలువుదీరిన ఆయన కచేరీలను ‘ఫుల్ బెంచ్’ కచేరీలనేవారు, పూర్తిస్థాయి న్యాయస్థానం కూర్చున్నట్టు. ఆ పేరులో ఉన్న భావం గంభీరమైనది: పక్కన కూర్చున్నవారు తీర్పరులు.

ఇక జాజ్ సంగతి. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట న్యూ ఆర్లీన్స్ పరిసరాల్లో ఆఫ్రికన్ అమెరికన్ల సంగీతంగా రూపు దిద్దుకున్న జాజ్‌లో సాక్సోఫోన్ మొదట చిన్నపాటి పాత్రధారి. 1920ల తరువాత గానీ ముందుకు రాలేదు. 1940లలో చార్లీ పార్కర్ ఆల్టో సాక్సోఫోన్ మీద బీబాప్ అనే వేగవంతమైన, చిక్కని శైలికి రూపమిచ్చాడు. ఆ తరువాతి తరంలో జాన్ కోల్ట్రేన్ భారతీయ రాగపద్ధతి వైపు చెవి పెట్టాడు. 1961లో ఆయన రికార్డు చేసిన ఒక రచన పేరే ‘ఇండియా’, 1965లో పుట్టిన కుమారుడికి పండిత్ రవిశంకర్ పేరు మీదుగా రవి అని పేరు పెట్టుకున్నాడు. కోల్ట్రేన్ వాదనను అతని బృందం నుంచి విడదీసి వినడం సాధ్యం కాదు: మెకాయ్ టైనర్ పియానో, జిమ్మీ గారిసన్ బేస్, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్. జాజ్‌లో బేస్, డ్రమ్స్, వాటితో పియానో లేదా గిటార్ కలిసిన భాగాన్ని లయబృందం అనవచ్చు. పియానోగానీ గిటార్‌గానీ మూడు నాలుగు స్వరాలను ఒకేసారి మీటి, అంటే స్వర సమ్మేళనాలు వేసి, ప్రధాన వాద్యానికి నేల పరుస్తుంది, ఆ నేల నిమిషనిమిషానికీ మారుతుంది. కర్ణాటక సంగీతంలో నేల మారదు. తంబురా ఆధార షడ్జాన్ని మొదలు నుంచి తుది దాకా పట్టుకునే ఉంటుంది. రెండూ మనోధర్మ సంగీతాలే కనుక రెండూ ఒకటే అని వేదికల మీద తరచుగా వినిపించే మాట వినసొంపైనదే తప్ప సరైనది కాదు. ఈ తేడాను దాచిపెట్టిన మేళవింపులన్నీ త్వరగా పాతబడ్డాయి.

ఈ రెండు లోకాలు గోపాలనాథ్ జీవితంలో మొదటిసారి తగులుకున్నది 1980లో, బొంబాయి ‘జాజ్ యాత్ర’ ఉత్సవంలో. చార్లెస్ మింగస్ బృందంలో వాయించి, 1970లలో ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్‌తో కలిసి ‘కరుణా సుప్రీం’ ఆల్బం చేసిన అమెరికన్ ఆల్టో విద్వాంసుడు జాన్ హ్యాండీ ఆయన వాదన విని, కలిసి వాయించాలని కోరి వేదిక పంచుకున్నాడు. తన వాద్యానికి పుట్టినింటి వంటి సంగీతం నుంచి వచ్చిన ఆ మన్నన గోపాలనాథ్ పేరును దేశం దాటించింది. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో బీబీసీ ప్రామనేడ్ కచేరీలు, అదే ఏడు కె. బాలచందర్ తీసిన ‘డ్యూయెట్’ చిత్రంలో ఎ.ఆర్. రహ్మాన్ సంగీతానికి వాయించిన సాక్సోఫోన్, 2004లో పద్మశ్రీ: ఇవన్నీ లోకానికి తెలిసినవే.

లోకానికి అంతగా తెలియనిది ‘కిన్స్‌మెన్’. రుద్రేశ్ మహంతప్ప 1971లో ఇటలీలోని ట్రియెస్టెలో కన్నడ కుటుంబంలో పుట్టి, అమెరికాలోని కొలరాడోలో పెరిగిన ఆల్టో సాక్సోఫోన్ విద్వాంసుడు; చార్లీ పార్కర్ బాణీ ఆయనకు ఊపిరి. విద్యార్థిగా ఉన్న కాలంలో సోదరుడు ఇచ్చిన ఒక రికార్డు ద్వారా గోపాలనాథ్ వాదన ఆయన చెవిన పడింది. భారతీయ మూలాలు ఉన్నంత మాత్రాన కర్ణాటక సంగీతం వచ్చేస్తుందని ఇతరులు ఊహించుకునే పరిస్థితిలో పెరిగిన సంగీతకారుడికి, తను వాయించే వాద్యం మీదే ఆ సంగీతం సంపూర్ణంగా పలుకుతుందన్న సంగతి పెద్ద మేలుకొలుపు. 2007లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ అందుకుని కర్ణాటక సంగీతాన్ని అధ్యయనం చేసిన ఆయన, గోపాలనాథ్‌తో కలిసి ‘దక్షిణ ఎన్‌సెంబుల్’ అనే బృందాన్ని నిలిపారు. ‘పై రికార్డింగ్స్’ అనే సంస్థ 2008లో ‘కిన్స్‌మెన్’ను విడుదల చేసింది.

బృందంలో ఏడుగురు. రెండు ఆల్టో సాక్సోఫోన్లు, కన్యాకుమారి వయొలిన్, కరాచీలో పుట్టి అమెరికాలో పెరిగిన రెజ్ అబ్బాసీ గిటార్, పూవలూర్ శ్రీజి మృదంగం, కార్లో డి రోసా బేస్, రాయల్ హార్టిగన్ డ్రమ్స్. ఒకే స్థాయిలో పలికే ఒకే జాతి వాద్యాలు రెండిటిని ఎదురుబదురుగా పెట్టడం కూర్పరికి సాహసమే. శ్రోత ఎవరు వాయిస్తున్నారో గుర్తుపట్టలేకపోతే అంతా గజిబిజి. ఇక్కడ ఆ చిక్కు రాలేదు. గోపాలనాథ్ స్వరం నుంచి స్వరానికి జారుతూ వెళ్తారు, ఆయన వాక్యంలో స్వరాల మధ్య దూరమే సంగీతం. రుద్రేశ్ స్వరాలను విడివిడిగా, కోసుగా, ఊహించని మలుపుల్లో పేర్చుకుంటూ పరుగెత్తుతారు. కొద్దిసేపు వింటే చాలు, పేర్లు చెప్పకపోయినా ఎవరు ఎవరో చెవి విడదీస్తుంది. వాద్యానికి జాతి ఉండదని, వాయించే సంప్రదాయానికే ఉంటుందని నిరూపించడానికి ఇంతకంటే శుద్ధమైన ప్రయోగం ఉండదు.

కానీ ఆల్బం నిలబడింది ఆ ఇద్దరి వల్ల మాత్రమే అనుకుంటే దాని నిర్మాణాన్ని గమనించనట్టే. పెద్ద రచనల నడుమ చిన్న చిన్న ఆలాపనలు ఉన్నాయి, అవి సాక్సోఫోన్లకే పరిమితం కావు. వయొలిన్ ఆలాపన కన్యాకుమారి పేరుతో, గిటార్ ఆలాపన రెజ్ పేరుతో విడిగా నిలిచాయి. జాజ్ ఆల్బంలో గిటార్ వాద్యకారుడు లయ లేకుండా, స్వర సమ్మేళనాల నేల లేకుండా, ఒక్క షడ్జాన్ని నమ్ముకుని మెల్లగా రాగం వంటిదాన్ని విప్పుకోవడం అంటే, ఆ సంప్రదాయపు పక్కవాద్యం ఈ సంప్రదాయపు ఎదురు చూడటాన్ని నేర్చుకోవడం. ‘కల్యాణి’ అన్న పేరుతోనే ఉన్న రచనలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం మరింత విశదం. కల్యాణి రాగపు స్వరాలు ప్రతి మధ్యమంతో కూడినవి. పాశ్చాత్యులు లిడియన్ అని పిలిచే స్వరక్రమం అదే, జార్జ్ రసెల్ 1953లో ప్రతిపాదించిన జాజ్ సిద్ధాంతానికి పునాదీ ఆ స్వరక్రమమే. స్వరాలు ఒకటైనా కల్యాణి, లిడియన్ ఒకటి కావు. కల్యాణికి గమకాలున్నాయి, ఏ స్వరం మీద నిలవాలో, దేన్ని తాకి వదిలేయాలో నియమాలున్నాయి. ఆ నియమాలను బృందానికి గుర్తు చేస్తూ ఉండేది ఎక్కువగా వయొలినే. మృదంగం, డ్రమ్స్ మధ్య పొందిక కూడా తేలికగా కుదిరేది కాదు: మృదంగానికి శ్రుతి ఉంది, ఆధార షడ్జానికి కట్టిన ఆ నాదాన్ని తాళాల చప్పుడు కప్పేస్తే మృదంగం మూగబోతుంది. లయవాద్యాలలో ఎవరో ఒకరు తగ్గి వాయించాలి, తగ్గిన చోటే మళ్లీ ముందుకు రావాలి. ఈ తగ్గడం, రావడం నేర్చినవాళ్లే నిజమైన పక్కవాద్యకారులు.

ఈ ఆల్బం తరువాత రుద్రేశ్ ‘సంధి’, ‘గమక్’ వంటి ఆల్బంలలో ఆ అన్వేషణను తన సొంత బృందాలతో కొనసాగించారు. 2015లో వచ్చిన ‘బర్డ్ కాల్స్’లో చార్లీ పార్కర్ వైపు మళ్లీ తిరిగినా, ఆయన జారుడు స్వరాల్లో దక్షిణాది ఛాయ పోలేదు. 2020 నాటి ‘హీరో ట్రియో’లో పియానో లేదు, గిటార్ లేదు, ఫ్రాన్స్వా ముతాఁ బేస్, రూడీ రాయ్‌స్టన్ డ్రమ్స్ మాత్రమే ఆయన పక్కన ఉన్నాయి. నేల పరిచే వాద్యాన్ని తొలగించి సాక్సోఫోన్‌ను బేస్, డ్రమ్స్ మధ్య నిలబెట్టే ధైర్యంలో, వయొలిన్ మృదంగాలతోనే సంపూర్ణమయ్యే కచేరీని చూసిన అనుభవపు జాడ వెతకడం అసమంజసం కాదు.

తెలుగు నేల మీద ఒప్పుకోలు సంగతి వాద్యాలతో ఆగలేదు, వాయించేవారి దాకా వచ్చింది. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా నాదస్వరం మీద త్యాగరాజ కీర్తనలు వాయిస్తుంటే, ఆలయ వాద్యానికి ఒక ముస్లిం విద్వాంసుడు పరాకాష్ఠగా నిలిచాడని దక్షిణాది అంతా తల వంచింది. 1998లో సంగీత కళానిధి ఆయనను వరించింది. నాదస్వరాన్ని ఇంటి విద్యగా నిలుపుకున్న ఆ ముస్లిం కుటుంబాల పరంపర నుంచే షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు 2020లో పద్మశ్రీకి ఎంపికయ్యారు. వారి పక్కన డోలు పట్టి, వారి రాగానికి తమ చేతుల బలాన్ని తోడిచ్చిన వాద్యకారులు లేకుండా ఈ గౌరవాల్లో ఏదీ రాదు.

తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే నాదస్వర, డోలు పాఠశాల, 1959 నుంచి పనిచేస్తున్న శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉండగా, ఈ చర్చ సిద్ధాంతం దగ్గర ఆగిపోనక్కర లేదు. పక్కవాద్యాన్ని ప్రధాన వాద్యానికి చిన్న మెట్టుగా కాక, దానికి దీటైన విద్యగా పాఠ్యక్రమంలో నిలపడం సాధ్యమే. వయొలిన్ విద్యార్థి ఒక ఏడాది పాటు నాదస్వరం పక్కన, సాక్సోఫోన్ పక్కన కూర్చుని ఊదే వాద్యపు ఊపిరిని వినడం నేర్చుకుంటే, కన్యాకుమారి దశాబ్దాల్లో సాధించిన దానిలో కొంతైనా తరువాతి తరానికి పాఠంగా చేరుతుంది. కచేరీ ప్రకటనల్లో, రికార్డుల అట్టల మీద, ఆకాశవాణి నిలవల్లో పక్కవాద్యకారుల పేర్లు ఇంటిపేర్లతో, ఊళ్లతో సహా నమోదు కావాలి. దానితో పాటు తిరుపతి, చిత్తూరు జిల్లాల పెళ్లి ఊరేగింపుల్లో, గ్రామ జాతరల్లో బ్యాండు మేళాలతో సాక్సోఫోన్ వాయించే కళాకారులు ఉన్నారు. వారు ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ రాగాలు వాయిస్తారో, ఏ కీర్తన ఏ ఘట్టంలో ఎత్తుకుంటారో రాసి, రికార్డు చేసి పెట్టే పనికి ఈ సంగీత కళాశాల విద్యార్థులే తగినవారు. ఆ పని మేళంలో డోలు, డ్రమ్ములు, క్లారినెట్ వాయించేవారి పేర్లతో మొదలై, సాక్సోఫోన్ దగ్గరికి తరువాత రావడం మంచిది.